చలి కోసం కొండెక్కి

మా విశాఖపట్నంలో చలికాలం ఉందంటే ఉంది, లేదంటే లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున పాలప్యాకెట్ కోసం వీధిలోకి వచ్చినవాళ్లు చెవులకు తువ్వాలు చుట్టుకుంటారు. తొమ్మిదయ్యేసరికి ఇళ్లలో ఫ్యాన్లు తిరుగుతుంటాయి. సముద్రం పక్కనున్న ఊరికి ఇంతకు మించి చలి రాదు. పగలు తాగిన వేడిని సముద్రం రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుంది కాబట్టి, జనవరి రాత్రుల్లో కూడా ఇక్కడ మామూలుగా 17, 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చలి ఎలా ఉంటుందో తెలియాలంటే మేం బండెక్కి పడమటి కొండలకు పోవలసిందే.

పోతున్నాం కూడా. దీపావళి వెళ్లిన దగ్గర్నుంచి పేపర్లో మన్యం ఉష్ణోగ్రతలు రోజూ వస్తాయి. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో తీసిన లెక్క అది. పది నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి ఐదుకి ఆ అంకె దిగేకొద్దీ లంబసింగి రోడ్డు మీదా, అనంతగిరి ఘాట్ మీదా కార్లు పెరుగుతాయి. పొద్దున్నే వెళ్లి రాత్రికి ఇంటికి చేరే ప్రయాణాలే ఎక్కువ. అరకు 115 కిలోమీటర్లు, లంబసింగి సుమారు 130, పాడేరు కూడా ఇంచుమించు అంతే. ఒక్క పగటిలో వెళ్లి రాగలిగిన దూరంలో ఇన్ని కొండ ఊళ్లుండటం ఈ నగరానికి దక్కిన భాగ్యమని నేను మనసారా నమ్ముతాను.

ఏళ్ల తరబడి ఇలా వెళ్లొస్తుంటే నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. మనకు సెలవైన ఆ చలికాలమే కొండ మీది మనుషులకు ఏడాదిలో చేతినిండా పని ఉండే కాలం. వలిసె పూత, కాఫీ పండు, వరి కోత, పసుపు, అల్లం తవ్వకం, అన్నీ ఈ మూడు నాలుగు నెలల్లోనే ముంచుకొస్తాయి. మంచు చూసి, ఫొటో తీసుకుని, బొంగు చికెన్ తిని తిరిగొస్తే చూసింది సగమే. మిగతా సగం ఆ మంచులోనే వంగి పని చేస్తూ ఉంటుంది.

ముందు చలి సంగతి. కొండ ఎక్కితే చల్లగా ఉంటుందని అందరికీ తెలుసు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన విశాఖలో 18 ఉన్నప్పుడు లంబసింగిలో 11, 12 ఉండాలి. కానీ అక్కడ ఐదుకీ, మూడుకీ, కొన్నేళ్లయితే సున్నా దగ్గరికీ దిగుతుంది. ఎత్తు ఒక్కటే కారణమైతే అంత చలి రాదు. చలికాలపు రాత్రుల్లో ఆకాశంలో మబ్బు ఉండదు, గాలి కదలదు. నేల తన వేడినంతా నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి పారుతుంది. చుట్టూ కొండలున్న గిన్నెలాంటి లోయలో అది తెల్లవార్లూ చేరి నిలవుంటుంది. అందుకే ఒక్కోసారి కొండ కొన మీదకంటే కింద లోయలోని ఊళ్లోనే చలి ఎక్కువ. ఆ నిలవున్న చల్లగాలిలోని తేమే పొగమంచవుతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కినవాళ్లకు కాళ్ల కింద కనిపించే మేఘాల సముద్రంలో చాలా భాగం ఇదే. సూర్యుడు కొంత పైకొచ్చి నేల వేడెక్కగానే ఆ సముద్రం కరిగి, అడుగున ఉన్న పొలాలూ పెంకుటిళ్లూ బయటపడతాయి. చాలామంది సరిగ్గా అప్పుడే కొండ దిగిపోతారు. నాకు మాత్రం ఆ పొలాలు బయటపడే పావుగంట కోసమే అక్కడ నిలబడాలనిపిస్తుంది. మంచు ఎవరి ఊరి మీద పరుచుకుందో అప్పుడే తెలుస్తుంది.

అరకుకి మాత్రం రైల్లో వెళ్లాలి. ఈ మాట ఎవరడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను. విశాఖలో పొద్దున్న ఏడు లోపే బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కితే అరకు చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. కారులో కూడా, టిఫిన్‌కీ టీకీ ఆగుతూ పోతే, దాదాపు అంతే. కొత్తవలస దగ్గర మెయిన్ లైన్ వదిలి, శృంగవరపుకోట దాటి, బొడ్డవర వచ్చేవరకూ రైలు మామూలు రైలే. చెరకు తోటలు, కొబ్బరి చెట్లు, మామిడి తోపులు కనిపిస్తాయి. బొడ్డవర నుంచి కొండ మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస. ఒక్కో స్టేషను పేరు కిటికీలోంచి వెళ్తుంటే, ఇందాక మనం దాటొచ్చిన పట్టాలు కింద లోయ అంచున సన్నని గీతగా కనిపిస్తుంటాయి. యాభైకి పైగా సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ పిల్లలు కేకలు పెడతారు, పెద్దవాళ్లు కూడా గొంతు కలుపుతారు. శిమిలిగుడ చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తైనదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లు. కశ్మీరు లోయలోకి రైలొచ్చాక ఆ మొదటి స్థానం అటు వెళ్లింది.

ఈ దారి మన విహారం కోసం వేసింది కాదు. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడం కోసం, జపాన్ సహకారంతోనే, 1960ల్లో కొండలు తొలిచి వేశారు. ఇప్పటికీ ఈ పట్టాల మీద పెద్దరికం గూడ్సులదే. మన రైలు చిన్న స్టేషన్లో పక్క లైన్లో ఆగుతుంది. ఎదురుగా ఎర్రటి దుమ్ము కప్పుకున్న వ్యాగన్లు బ్రేకులు కీచుమనిపిస్తూ, ఎంతకీ తరగకుండా, దిగుతూ పోతాయి. అంతసేపూ జనం రైలు దిగి ఎండ పొడ తగిలే చోట నిలబడి చేతులు రుద్దుకుంటారు. నాకు ఆ ఆగడం ఇష్టం. 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలిస్తున్నారు. దాంట్లో కొండలు బాగా కనిపిస్తాయి, కాదనను. కానీ మామూలు పెట్టెలో కూర్చుంటే దారిలో ఎక్కే మనుషులు కనిపిస్తారు. జామకాయల గంపతో ఎక్కినామె మన కాళ్ల దగ్గరే గంప దించుకుని, ఒక కాయ కోసి ఉప్పూకారం అద్ది చేతిలో పెడుతుంది. చంటిపిల్లను దుప్పట్లో చుట్టుకుని ఆసుపత్రికి బయల్దేరినవాళ్లుంటారు. అరకు లోయకు రైలు ఏం చేసిందో ఆ పెట్టెలోనే తెలుస్తుంది.

నవంబరులో వెళ్తే వలిసె పూస్తుంది. పచ్చని కొండల మధ్య ఎకరాలకు ఎకరాలు పసుపు రంగు. సినిమా పాటల్లో చూసి, ఫోన్లలో చూసి, ఆ పసుపు అందరికీ తెలిసిందే. కిందటిసారి వెళ్లినప్పుడు శిమిలిగుడ దగ్గర రోడ్డు పక్క చేను గట్టున ఒక పెద్దామె ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఒంటి మీద పాత శాలువా, పక్కన స్టీలు గిన్నెలో చిల్లర. ఫొటోకి వచ్చినవాళ్ల దగ్గర మనిషికింతని తీసుకుంటోంది. నేను డబ్బులిచ్చి చేనులోకి దిగబోతే, "గట్టు మీదే నించోండి బాబూ, పువ్వు రాలితే గింజ కట్టదు" అంది. "అందరూ వింటారా అమ్మా?" అని అడిగాను. "కొందరు వింటారు. ఆ మూల చూడండి" అని చెయ్యి చాపింది. పొలం నడుమ మంచమంత మేర మొక్కలు నేలకి అణిగిపోయి ఉన్నాయి. ఎవరో పడుకుని తీయించుకున్న ఫొటో అది.

దగ్గరికి వంగి చూస్తే వలిసె పువ్వు చిన్న పొద్దుతిరుగుడులా ఉంటుంది, నిజానికి ఆ కుటుంబానిదే. ఈ పువ్వు తనకు తానుగా గింజ కట్టలేదు. పక్క మొక్క పుప్పొడిని తేనెటీగ తెచ్చి పెట్టాలి. ఎండ పడ్డ గంటలో ఆ చేనంతా సన్నగా జుమ్మంటూ ఉంటుంది. మన జనం గుంపులుగా చేనులో తిరిగే గంట కూడా అదే. పూత అయ్యాక ఎండిన తలల్లోంచి నల్లగా, సన్నగా, మెరిసే గింజలు రాలతాయి. గింజలో మూడో వంతు దాకా నూనే. కొండ మీది ఇళ్లలో కూరలకు ఆ నూనె వాడతారు, మిగిలింది సంతకి పోతుంది. మన దేశపు వలిసెలు పక్షుల మేతగా అమెరికాకి కూడా వెళ్తాయి. అక్కడున్న మన పిల్లలు పెరట్లో చిన్న పిట్టల కోసం వేలాడదీసే మేతసంచిలో ఉండేది ఈ గింజే. మేలైన నేల అక్కర్లేదు, పెద్ద ఎరువులు అక్కర్లేదు, వానాకాలం చివర చల్లి వదిలేస్తే చలికాలానికి చేతికొస్తుంది. అందుకే పేదరైతు పంట అయింది. ఫొటోకి పది రూపాయలా అని గట్టు దగ్గర బేరమాడేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఆ పసుపు పచ్చదనం ఆ ఇంటి ఏడాది నూనె.

డిసెంబరుకి వలిసె వెనకబడి కాఫీ ముందుకొస్తుంది. అనంతగిరి ఘాట్‌లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన నడుము ఎత్తు మొక్కలు, కొమ్మ పొడవునా గుత్తులుగా కాయలు. ఓక్ మొదళ్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. ఒకే గుత్తిలో ఒకటి ఎర్రగా, ఒకటి పసుపుగా, నాలుగు పచ్చిగా ఉంటాయి. ఎర్రగా పండినవే తెంపాలి. పచ్చిది కలిస్తే రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. అందుకని ఒకే మొక్క దగ్గరికి వారాల తేడాతో మళ్లీ మళ్లీ రావాలి. తెంపేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. నడుముకి సంచి కట్టుకుని, ఎడమచేత్తో కొమ్మ వంచి, కుడిచేతి బొటనవేలితో పండు మెలితిప్పి తీస్తారు. మంచుకి తడిసిన ఆకుల్లో చెయ్యి పెట్టి ఒకసారి తెంపి చూడండి, రెండు నిమిషాల్లో వేళ్లు కొయ్యబారతాయి. వాళ్లు ఆ పని పొద్దంతా చేస్తారు.

పోడు కోసం అడవి నరక్కుండా బతకడానికి దారిగా ఈ కొండల్లో కాఫీని పెంచారు. ఇప్పుడు లక్ష ఎకరాలు దాటి వేల గిరిజన కుటుంబాలకు అదే ఆధారం. 2017లో అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కూడా ఇక్కడి కాఫీని కొని తన పేరుతో అమ్ముతోంది. ఇంత పేరున్న కాఫీ పండే చోటికి వెళ్లి, ప్లాస్టిక్ కప్పులో ఏదో పొడి కలిపిన తీపినీళ్లు తాగి వచ్చేవాళ్లే ఎక్కువ. ఒక్క అరగంట తోట దగ్గర ఆగి, అడిగి, అక్కడి పొడి ఒక పొట్లం కొనుక్కుంటే ఆ ప్రయాణం ఇంట్లో నెలరోజులు ఉంటుంది.

లంబసింగి సంగతి వేరు. అక్కడికి వెళ్లే దారి చూసినప్పుడల్లా నాకు 1922 గుర్తొస్తుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేసిన రోజుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనాన్ని సరైన కూలి ఇవ్వకుండా వెట్టికి తోలేవాడు. అడవిలో పోడు కొట్టుకోనివ్వని చట్టాలు ఒకపక్క, ఈ రోడ్డు పని ఇంకోపక్క, ఆ మంటలోంచే అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు లేచింది. 1922 ఆగస్టు 22న మొదట దాడి జరిగింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఇవాళ మనం హీటర్ వేసుకుని, పాటలు పెట్టుకుని, మంచు చూడటానికి ఎక్కే మలుపుల్లో కూలి లేని చెమట ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ ఒక్క ముక్క కారులో చెబితే బాగుంటుందని నా కోరిక. పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆ జిల్లాలోనే రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు ఇంకా వస్తున్నాయి. మంచు చూడటానికి మనం వెళ్లే దారి నున్నగా ఉంది, ఆసుపత్రికి వాళ్లొచ్చే దారి ఇంకా పడలేదు.

లంబసింగి మంచు తెల్లవారుజామునే చూడాలి కాబట్టి నగరం నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరుతున్నారు. ఇది మంచి పని కాదు. నిద్ర కళ్లతో, మంచులో పది అడుగుల ముందు ఏముందో కనిపించని ఘాట్ రోడ్డు మీద బండి నడపడం ప్రాణాలతో చెలగాటం. సూర్యోదయమే కావాలంటే ముందురోజు వెళ్లి పడుకోండి. ఒక్కరోజే ఉంటే వెలుగొచ్చాక బయల్దేరండి. పదకొండు గంటల ఎండలో తాజంగి జలాశయం గట్టున కూర్చున్నా, రోడ్డు పక్క తోటలో అప్పుడే కోసిన స్ట్రాబెర్రీలు తిన్నా ఆ రోజు ఏమీ తక్కువ కాదు. చలికాలపు కొండ ఎండకి ఒక మెత్తదనం ఉంటుంది. దాన్ని ఎవరూ పొగడరు గానీ, మంచుకంటే నాకు అదే ఎక్కువ ఇష్టం.

ఒక్కరోజులో అన్నీ చూసేద్దామనే ఆత్రం గురించి కూడా చెప్పాలి. బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి అంటూ ఒక పగట్లో అన్నీ కుక్కిన ప్యాకేజీల్లో దిగడం, ఎక్కడం, లెక్కపెట్టుకోవడం తప్ప ఇంకేం మిగలదు. నా లెక్కలో ఒక పగటికి ఒక్క చోటు చాలు. బొర్రాలో దిగితే బొర్రానే చూడండి. సున్నపురాయిని చుక్క చుక్క నీరు తొలిచి, మళ్లీ అదే సున్నాన్ని చుక్క చుక్కగా పేర్చి కట్టిన స్తంభాలవి. లోపల టార్చి వెలుగులో ఒక రాతి కొసన వేలాడే బొట్టును రాలేదాకా చూడండి. కింద ఎక్కడో వినిపించే నీటి చప్పుడు గోస్తనిది. ఆ నదే కిందికి దిగి తాటిపూడి జలాశయంలో ఆగి విశాఖకు తాగునీరవుతుంది, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన ఇంటి కుళాయిలో వచ్చే నీళ్ల పుట్టిల్లు చూడటానికి ఒక పగలు ఇవ్వడం ఎక్కువేమీ కాదు.

హైదరాబాదు వాళ్లు ఇలాగే వికారాబాద్ కొండలకు వెళ్తారు. అంత చలి ఉండదు, అంత ఎత్తూ లేదు, కానీ డిసెంబరు పొద్దున ఆ అడవి కూడా మంచుపట్టి బాగుంటుంది. చిత్రమేమంటే ఆ కొండల పేరూ అనంతగిరే, వాళ్ల మూసీ పుట్టేదీ అక్కడే. రెండు నగరాల వాళ్లూ సెలవు రోజున తమ ఏరు పుట్టిన అనంతగిరికే పోతున్నారు. పోయినవాళ్లు అక్కడ వదిలిన చెత్త వానకి కొట్టుకుని ఆ ఏట్లోకే దిగుతుంది. గోస్తని గట్టున బిర్యానీ ప్యాకెట్టు పారేసేవాళ్లు తమ నీళ్లబిందెలో పారేసుకుంటున్నట్టే.

ఈ చలికాలం వెళ్లేవాళ్లకు నా మనవి ఇది. వీలైతే ఆదివారం మానుకుని మామూలు రోజున వెళ్లండి. అరకుకైతే కనీసం ఒక వైపు రైలెక్కండి. చేను గట్టు మీదే నిలబడండి, మనుషుల్ని ఫొటో తీసే ముందు అడగండి, వద్దంటే వదిలేయండి. దారిలో సంత కనిపిస్తే ఆగి రాజ్మా, పసుపు, అల్లం, వలిసెనూనె, కాఫీ పొడి, ఏది దొరికితే అది పండించినవాళ్ల దగ్గరే, అడిగిన ధరకే కొనండి. తీసుకెళ్లిన సీసాలూ కవర్లూ సంచిలో వేసుకుని మళ్లీ మీ ఊరికే తెచ్చేయండి. వలిసె పూత డిసెంబరు సగానికల్లా దాదాపు అయిపోతుంది, కాఫీ కోత మాత్రం సంక్రాంతి దాటాక కూడా ఉంటుంది.